అద్దం పక్కన అక్షరాలు

అక్షరాలు అంటించే ముందు మా షెడ్డు మేస్త్రీ కళ్ళజోడు తుడుచుకోవడం మానవ నాగరికతలో ఒక మహాఘట్టం. ఆ రోజు గుద్దుకున్న కారొకటి వచ్చింది. కారు లోపల, ముందద్దం పక్క స్తంభానికి కొత్త ప్లాస్టిక్ తొడుగు వేశారు గానీ, దాని వెనక ఎయిర్‌బ్యాగ్ ఉందని చెప్పే అక్షరాలు దాని మీద లేవు. తెలియక అక్కడ ఎవరైనా ఏదైనా తగిలిస్తే, బ్యాగు తెరుచుకున్నప్పుడు అదే ఎగిరొచ్చి మొహం పగలగొడుతుంది.

“ఏంటి బాబాయ్, శిలాశాసనం చెక్కుతున్నావా?” అన్నాడు కారు యజమాని.

“నీ మొహం కోసమే అబ్బాయ్, కాస్త ఓర్చుకో.”

పాత తొడుగు పక్కన పెట్టుకుని, వెంట్రుకవాసి తేడా రాకుండా మేస్త్రీ అక్షరాలు అంటించాడు. యజమాని వేలితో తడిమి చూసి, “బ్రహ్మాండం!” అన్నాడు.

ఆ అక్షరాల మీదే ఫోన్ స్టాండు అంటించుకుని వెళ్ళిపోయాడు.