జలుబున్నవాళ్లు చెయ్యెత్తండి

చింపాంజీలను అడవిలో చూడాలన్నది మా ఆయనకు ఏనాటి కోరికో. అమ్మాయి కాలేజీలో చేరాక మేముండే ప్లేనో నుంచి ఉగాండా బయలుదేరాం. చవక ట్రిప్పు కాబట్టి లాడ్జికి బదులు టెంటు, జీపుకు బదులు కిక్కిరిసిన బస్సు. ఆ బస్సులోనే నాకు జలుబు పట్టుకుంది. అడవికి వెళ్లే రోజు పొద్దున్నే మాత్ర మింగి, ముక్కు తుడుచుకుని తయారయ్యాను.

లోపలికి తీసుకెళ్లే ముందు గైడ్ అందరినీ నిలబెట్టి, జలుబున్నవాళ్లు చెయ్యెత్తమన్నాడు. మన జలుబు అంటుకుంటే చింపాంజీలు చచ్చిపోతాయట.

“చెప్పకు. మాస్క్ ఇస్తారుగా, మేనేజ్ చేసేద్దాం,” అని మా ఆయన నా చెవిలో అన్నారు.

నేనూ అదే అనుకుంటున్నాను. అంతలో గైడ్, ఒక పిల్ల చింపాంజీ దగ్గి దగ్గి తల్లి వీపు మీదే ప్రాణం వదిలిందని చెప్పాడు. నా చెయ్యి దానంతటదే లేచింది.

ఆయన్ని వెళ్లమని, గేటు దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. అక్కడ కాపలా ఉన్నావిడ నాకు టీ ఇచ్చి, మంచి పని చేశావని మెచ్చుకుంది. నేను కప్పు బెంచీ మీద పెట్టేశాను.

అమ్మాయి చిన్నప్పుడు, నా సెలవులన్నీ అయిపోయాక, దానికి ఒళ్లు కాలిపోతున్నా జ్వరం మందు పట్టించి డేకేర్‌లో దింపేదాన్ని. “ఈజ్ షీ ఓకే?” అని టీచర్ అడిగితే “షీ ఈజ్ ఫైన్” అని నవ్వేదాన్ని.

ఆ గదిలో ఇంకో పదిమంది పసిపిల్లలు ఉండేవాళ్లు.