నాయిన వేసిన సున్నపు పువ్వు

నాయిన దినాలైన మర్నాడే ఆఫీసుకు వెళ్లాను. నానక్‌రామ్‌గూడలోని మా ఆఫీసులో ఏటా పండగకు టీముల మధ్య అలంకరణ పోటీ పెడతారు. ఈసారి థర్మకోల్‌తో చార్మినార్ కడతామని నెల ముందే పేరిచ్చాం. ఆ ఆలోచన నాదే. మా నాయిన చార్మినార్ మరమ్మతుల్లో పనిచేసిన సున్నం మేస్త్రీ అని గొప్పలు పోయింది కూడా నేనే.

"మీరు రెస్ట్ తీసుకోండి, మేం చూసుకుంటామండీ," అన్నాడు కాకినాడ నుంచి వచ్చిన మా మేనేజర్. పరవాలేదన్నాను. నిజంగానే నాకేమీ అనిపించడం లేదు. నాయినను తీసుకెళ్లినప్పుడు కూడా ఏడుపు రాలేదు, రానందుకు సిగ్గేసింది. చుట్టాలు మాత్రం ఎంత గుండె నిబ్బరమో అన్నారు. వాళ్లకేం, ఏదో ఒకటి అనాలి కదా.

కటర్ పట్టుకుని కమాన్లు కోస్తూ కూర్చున్నాను. కొలతలు నెట్‌లో దొరికాయి. మిగతాదంతా అన్నం తింటూ నాయిన చెప్పిందే. లోపలున్నది రాయి, పైన కనిపించే సింగారమంతా సున్నం. ఆ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు, గుడ్డు సొన కలిపి గానుగలో రోజుల తరబడి తిప్పాలి. పూలూ ఆకులూ తడి ఆరేలోపే చిన్న తాపీతో తీర్చాలి. రాలిపోయిన చోట, పక్కనున్న పాత పువ్వును చూసి కొత్తది వేయాలి.

నాయిన అలాంటివి చాలానే వేసి ఉంటాడు. కానీ ఒక్కదాని గురించే చెప్పేవాడు. అది కుదరక మూడుసార్లు చెరిపాడట.

"దాన్ని గుర్తుపట్టేదెట్ల నాయినా?" అని ఒకసారి అడిగాను.

"గుర్తుపడితే ఇగ పని చెడ్డట్టే బిడ్డా. నేనే సూపిస్త. ఈ ఐతారం వస్తవా?"

"ఈ వారం ఆఫీసుల రిలీజ్ ఉంది. వచ్చే ఐతారం పోదాం."

ఆ వచ్చే ఐతారం ఆరేళ్లు రాలేదు. మా హఫీజ్‌పేట్ నుంచి ఆయన రోజూ లోకల్ రైల్లో పోయి వచ్చిన దారే అది. సెలవులకు గోవా వెళ్లాను, మున్నార్ వెళ్లాను. చార్మినార్ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. చార్మినార్ ఎక్కడికీ పోలేదు.

పోటీ రోజు జడ్జీలకు కథంతా గడగడా అప్పజెప్పాను. కుతుబ్‌షాహీల కాలం, నాలుగు దిక్కులకూ నాలుగు కమాన్లు, పై అంతస్తులో మసీదు, తర్వాతెప్పుడో పెట్టిన గడియారాలు. ఒక జడ్జీ వంగి చూసింది.

"పూలన్నీ ఒకేలా ఉన్నాయి గానీ, ఈ ఒక్కటి వంకరగా ఉందేంటండీ?"

"అది నేను చేసిందండీ," అన్నాను. మిగతావి టీమువాళ్లు చేశారు. అందరూ నవ్వారు. మొదటి బహుమతి మాకే వచ్చింది. మర్నాడు హౌస్‌కీపింగ్ అక్క దాన్ని విరిచి చెత్త సంచుల్లో కుక్కుతుంటే చూస్తూ టీ తాగాను. అప్పుడూ ఏమీ అనిపించలేదు.

ఆ ఐతారం లోకల్ రైలెక్కాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. గాజుల దుకాణాలు దాటి, చార్మినార్ కింద నిలబడి తలెత్తాను. ఆఫీసులో నేను టెస్టర్‌ని, తప్పులు పట్టడమే నా కొలువు. రంగు తేడా, గీత తేడా, అంచు తేడా, ఏదో ఒకటి పట్టేస్తాననుకున్నాను. మెడ నొప్పి పుట్టేదాకా ఒక్కో పువ్వునే చూసుకుంటూ నాలుగు పక్కలా తిరిగాను. ఏది నాలుగు వందల ఏళ్లదో, ఏది మా నాయినదో తేలలేదు. చూపించే మనిషి లేడు. ఇక ఎప్పటికీ తెలియదు.

"నీదేదో తెలుస్తలేదు నాయినా," అన్నాను పైకే.

ఆయన వినాలనుకున్న మాట అదొక్కటే.