కళింగపట్నం ఒడ్డున లాంతరు ఫొటో

రాత్రిపూట ఫొటోలు తియ్యాలనే పిచ్చి నాకు విజయనగరంలో పట్టుకుంది. అరవైల చివరి మాట. అప్పట్లో అక్కడొక కాలేజీలో ఫిజిక్స్ లాబ్ చూసుకునే డిమాన్‌స్ట్రేటర్‌ని. పగలంతా పిల్లలకు కటకాలూ దర్పణాలూ చూపించి, సాయంత్రం కాగానే పాత మడత కెమెరా ఒకటి సంచిలో వేసుకుని వీధులవెంట పడేవాణ్ణి. ఆ కెమెరాకు ఒక మీట ఉండేది. దాన్ని నొక్కి ఉంచినంతసేపూ లోపలి తెర తెరుచుకునే ఉంటుంది. దీపాల వెలుగు కొంచెం కొంచెంగా ఫిల్ము మీద పేరుకుంటుంది. అరనిమిషం పట్టేది, ఒక్కోసారి నిమిషం. చిక్కల్లా అక్కడే ఉంది. అంతసేపూ కదలకుండా ఉన్నదే ఫొటోలో పడుతుంది, కదిలే మనిషి పడడు.

గంటస్తంభం దగ్గర ఇసకవేస్తే రాలనంత జనం ఉన్నప్పుడు తీసినా నా ఫొటోలో ఖాళీ వీధే వచ్చేది. రైల్వేస్టేషను ముందు జట్కాల వరస తీస్తే బళ్ళన్నీ వచ్చాయి, గుర్రాలకు తలలు రాలేదు. నా ఫిల్ములు కడిగిపెట్టేది మా అక్క భర్త. ఊళ్ళోనే ఆయనకు చిన్న స్టూడియో ఉండేది. బావ ప్రతి రీలునూ బల్బుకు ఎదురుగా పట్టి చూసి ఒకటే మాట అనేవాడు. “ఏట్రా ఇది, జనమంతా ఊరొదిలి పారిపోయినట్టున్నాది. ఒక్క మనిషిని తెచ్చి సూపించు. నీకు ఫొటో తీడం వొచ్చని అప్పుడు ఒప్పుకుంటాను.” అసలు ఒక్క మనిషీ పడలేదని కాదు. ఒక కొట్టు అరుగు మీద నిద్రపోతున్నవాడు శుభ్రంగా వచ్చాడు. బావ అతన్ని లెక్కలోకి తీసుకోలేదు. నాకు రోషం వచ్చింది. మెలకువగా ఉన్న మనిషిని, రాత్రి వెలుగులో, ఆనవాలు తెలిసేటట్టు ఒక్క ఫొటో తియ్యాలనుకున్నాను. సముద్రపు ఒడ్డు పేటల్లో అయితే లాంతరు పెట్టుకుని వలలు బాగుచేసుకునేవాళ్ళు ఉంటారనీ, అంత నిదానంగా కూర్చునేవాళ్ళు ఇంకెక్కడా దొరకరనీ తోచింది. కళింగపట్నంలో లైట్‌హౌసు కూడా ఉంది కాబట్టి రెండు పనులూ కలిసొస్తాయనుకున్నాను.

మార్గశిరమాసంలో, అమావాస్య దగ్గరపడిన ఒక శనివారం బయలుదేరాను. వెన్నెల లేని రోజులు కావాలని ఏరి కోరి పెట్టుకున్నాను. విజయనగరంలో ఎనిమిదింటికి బస్సెక్కితే నాతవలస, రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా పదకొండు కాకుండానే శ్రీకాకుళంలో దింపేశాడు. బస్టాండు పక్క హోటల్లో భోజనం చేసి, నాగావళి వంతెన మీద కాసేపు తిరిగి, రెండింటికి గార మీదుగా వెళ్ళే బస్సు పట్టుకున్నాను. రానూపోనూ టిక్కెట్లన్నీ కలిపినా ఒక రీలు ఖరీదు కాలేదు. ఆ రోజుల్లో ప్రయాణం చవక, ఫిల్మే ప్రియం.

బస్సులో నాకు దక్కిన మర్యాద మాత్రం చెప్పుకోవాలి. కెమెరా పెట్టుకోడానికి లాబ్‌లోంచి మూడుకాళ్ళ చెక్క స్టాండు ఒకటి అడిగి తెచ్చుకున్నాను. దాన్ని గోనెపట్టాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంటే కాళ్ళు బయటికి పొడుచుకొస్తున్నాయి. కండక్టరు వాటిని చూసి గొంతు తగ్గించాడు. “సర్వేకి వొచ్చారేటి బాబూ?”

“కాదు. ఫొటోలు తీసుకోడానికి.”

అతను నమ్మలేదు. వెనక సీటులోని రైతు అసలు నమ్మలేదు. లేచి వచ్చి నా పక్కన కూర్చుని, తన పొలం గట్టును పక్కవాడు ఏటా ఎంతెంత జరుపుతున్నాడో గార దాకా వివరంగా చెప్పాడు. “దారిలోనే గదా, ఓపాలి దిగి సూసీసి ఎల్లిపోండి,” అన్నాడు. నేను దిగకపోయేసరికి, పక్కవాడు నాకు ముందే ముట్టజెప్పాడన్న నిశ్చయానికి వచ్చినట్టు నావైపు ఒక చూపు చూసి తనొక్కడే దిగిపోయాడు.

కళింగపట్నంలో బస్సాగే చోట ఒక టీకొట్టు ఉండేది. సాయంత్రం దాటితే వెనక్కి బస్సు లేదు కాబట్టి రాత్రికి బల్ల మీద పడుకోడానికి కొట్టాయనను ఒప్పించాను. భోజనం సంగతి అడిగితే ఆయన సముద్రంవైపు చూసి జవాబు చెప్పాడు. “తెప్పలింకా రానేదు. ఒస్తే సేపల పులుసు, నేకపోతే పచ్చడి.” అప్పటికి నాకది తిండి విషయంగానే వినిపించింది.

చీకటి పడుతుండగా లైట్‌హౌసు మీద పడ్డాను. మెట్లు కనబడేటట్టు, వెలుగు తిరుగుతున్నట్టు, ముందు నుంచీ, పక్క నుంచీ. రీలుకు పన్నెండు ఫొటోలు వస్తాయి. దీపం కనిపిస్తే నా చెయ్యి ఆగదు. ఒక్కటి మిగిలిందని గుర్తించేసరికి దాదాపు ఏడైంది. లైట్‌హౌసు ఫొటోలన్నీ తరవాత పాలు ఒలికినట్టు వచ్చాయి, వాటి గురించి ఇంక చెప్పను. మిగిలిన ఆ ఒక్కదానితో మనిషిని వెతుక్కుంటూ జాలరిపేట వైపు ఇసకలో నడిచాను.

వలలు బాగుచేసేవాళ్ళు ఎవరూ లేరు. పేట పేటంతా ఒడ్డున నిలబడి ఉంది. మామూలుగా చీకటి పడకముందే తెప్పలు ఒడ్డెక్కుతాయట. ఆ రోజు చేప దూరంగా ఉందని లోపలికి వెళ్ళిపోయారు. చాలామంది వచ్చేశారు, రెండు తెప్పలు ఇంకా రావాలి. ఒక ఇసకదిబ్బ మీద ముప్ఫై ఏళ్ళ మనిషి ఒకామె వెదురుగడకు హరికేన్ లాంతరు కట్టి పట్టుకుని నిలబడింది. పక్కనుంచి వెలుగు పడి ఆమె మొహం ఎంత స్పష్టంగా ఉందంటే, నేను విజయనగరం నుంచి వచ్చింది ఈవిడ కోసమే అనిపించింది. కాని ఆమె లాంతరును అటూ ఇటూ నెమ్మదిగా ఊపుతూనే ఉంది.

దగ్గరికి వెళ్ళి స్టాండు చూపించి, ఫొటో తీస్తానని చెప్పి, “ఒక్క అరనిమిషం దీపం కదపకుండా పట్టుకోమ్మా,” అన్నాను.

ఆమె చెయ్యి ఆపకుండానే మాట్లాడింది. “అలగెలగ బాబూ. మా మావ ఇంకా సంద్రంలోనే ఉన్నాడు.” మావ అంటే ఆ పేటలో భర్తే.

“అరనిమిషమే కదా. మళ్ళీ ఊపుకోవచ్చు.”

“మీకు తెల్దు. ఊపితే రమ్మని. నిలిపితే రావొద్దని. కెరటాలు ఇరుగుతన్నప్పుడు నిలుపుతాం. అది సూసి బయటే ఆగుతారు. మీ ఫొటోకని నాను నిలిపితే, దగ్గరకొచ్చినోడు ఎనక్కి తిప్పుకుంటాడు.”

“అంత పెద్ద లైట్‌హౌసు ఉంది కదా?”

“అది ఊరు సెప్తాది. దారి సెప్పదు,” అని ఆమె నీళ్ళవైపు చూపించింది. నడుము లోతు నీళ్ళలో ముసలావిడ ఒకతి నిలబడి ఉంది. ఆమె అత్త. కెరటాలను దగ్గరగా చూసి ఆవిడ కేకవేస్తుంది, కోడలు దాన్ని బట్టి ఊపుతుంది, లేదా నిలుపుతుంది. కోడలి పేరు నూకాలమ్మ అని పక్కనున్నవాళ్ళు పిలుస్తుంటే తెలిసింది.

నాకు కొంచెం చిన్నతనం అనిపించింది, కోపం కూడా వచ్చింది. ఇంత దూరం వచ్చాక ఒక్క అరనిమిషం కోసం ఇంతలా బతిమాలుకోవాలా అనుకున్నాను. ఎలాగూ అవసరం పడితే నిలుపుతుంది కదా, అప్పుడు తీసుకుందామని కొంచెం పక్కగా స్టాండు పాతాను. కెమెరా మీది అంకెలు కనబడక టార్చి వెలిగించాను. మరుక్షణం నూకాలమ్మ ఒక చేత్తో గడ పట్టుకునే, రెండో చేత్తో నా మణికట్టు పట్టి టార్చిని ఇసకలోకి వంచేసింది. “ఆర్పీండి బాబూ. రెండో దీపం అవుపిస్తే ఆళ్ళు ఏటనుకోవాల?” నీళ్ళలోంచి ముసలావిడ తిట్టిన తిట్లు కెరటాల హోరులో నాకు సగమే వినబడ్డాయి, ఆ సగమే చాలు. ఆ తరవాత అంకెలు వేలితో తడుముకున్నాను.

అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఒక తెప్ప వచ్చింది, అది వాళ్ళది కాదు. అందులోంచి దిగినవాళ్ళు వెనక ఇంకొకటి వస్తోందని చెప్పారు. నూకాలమ్మ ఊపు తగ్గలేదు. అప్పుడు ముసలావిడ అరిచింది. “నిలిపీయే, నిలిపీ.”

గడ కింది కొస ఇసకలో దిగింది. లాంతరు ఆగింది. నూకాలమ్మ కూడా ఆగిపోయింది. గాలికి చీర అంచు తప్ప ఏదీ కదలడం లేదు. నేను మీట నొక్కి, మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పది దాటింది, ఇరవై దాటింది. ఇంకొంచెం ఆగితే చాలు, ఇంకొంచెం ఆగాలి అనుకుంటున్నాను. ఉన్నట్టుండి నేను కోరుకుంటున్నదేమిటో నాకు తెలిసింది. దీపం ఆగినంతసేపూ అక్కడ ఆమె భర్త విరిగే కెరటాలకు అవతల, చీకట్లో, తెప్పను తిరగబడకుండా పట్టుకుని ఉండాలి. నా ఫొటో బాగా రావడమంటే అతను అలా ఉండిపోవడమే. లెక్క మానేశాను. కాని మీట వదలడానికి చెయ్యి రాలేదు. వదిలేస్తే అతనికేమైనా అవుతుందేమోనని ఒక పిచ్చి భయం పట్టుకుంది. అదీ ఫిజిక్స్ చెప్పేవాడికి.

“ఊపు,” అని కేక వినబడింది. “ఊపే నూకాలూ, రమ్మను.”

ఆమె గడ పైకెత్తి రెండు చేతులతో ఊపింది. ఇందాకటిలా నెమ్మదిగా కాదు, ఈ కొస నుంచి ఆ కొసకు. నా వేలు ఇంకా మీట మీదే ఉంది. తెల్లటి నురగలోంచి తెప్ప ముక్కు, దాని వెనక ఇద్దరు మనుషులు కనిపించాక వదిలాను. నూకాలమ్మ గడను ఇసకలో గుచ్చి, ఏమీ జరగనట్టే వల దింపించడానికి వెళ్ళింది. నేను ఒడ్డున కూలబడ్డాను. ఆ రాత్రి టీకొట్టాయన పులుసే వడ్డించాడు.

ఇంటికి వచ్చాక బావ ఫిల్ము కడిగి, చివరి నెగటివును చాలాసేపు చూశాడు. “దీపం పాడుసేసుకున్నావు. సివర్లో ఊపనిచ్చావేటి,” అన్నాడు. ప్రింటు వేశాక మాత్రం మనిషి పడిందని ఒప్పుకున్నాడు. ఫొటోలో ఒక చోట లాంతరు గట్టి చుక్కలా ఉంది. దాని పక్కనుంచి పెద్ద వెలుగు గీత కొడవలిలా వంగి ఆ కొసకు వెళ్ళింది. చుక్క కింద మనిషి ఉంది. పలచగానైనా ఆనవాలు తెలిసేటట్టు పడింది. ఒక చెయ్యి గడ మీద, రెండో చెయ్యి మొహం దగ్గర.

రెండు వారాల తరవాత ఇంకో ప్రింటు పట్టుకుని వెళ్ళాను. నూకాలమ్మ భర్త లచ్చయ్య తెప్ప పక్కన కూర్చుని వల చూసుకుంటున్నాడు. ఫొటో చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, ఒక్క నిమిషంలో చదివేశాడు. “ఇదిగో, ఈడ నిలిపింది. ఇది ఊపింది. నాకు ఇదే అవుపించింది బాబూ.” తరవాత చుక్క కిందికి చూశాడు. చూసి చూసి పెళ్ళాన్ని పిలిచాడు. “ఇదేటే? నోట్లో కొంగు కుక్కుకున్నావు?”

ఆమె తొంగి చూసింది. సిగ్గుపడలేదు, నవ్వలేదు. “మరేటి సెయ్యమంటావు? అరుపొచ్చీస్తాది. నాను అరిస్తే సెయ్యి కదుల్తాది. సెయ్యి కదిల్తే నువ్వొచ్చీస్తావు.”

“ఎప్పుడూ ఇలాగేనా?”

“నిలిపినప్పుడల్లా.”

లచ్చయ్య మళ్ళీ ఫొటోలోకి చూశాడు. చూస్తూనే నాతో అన్నాడు. “పదేళ్ళనించి ఒస్తన్నాను బాబూ ఈ దీపం సూసుకుని. నాకు దీపమే అవుపిస్తాది గదా. ఇది ఇంట్లో ఎప్పుడూ సెప్పనేదు.” వల పక్కన పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని, ఫొటోను లోపలికి తీసుకెళ్ళాడు.

ఆ తరవాత ఇంతకంటే మంచి కెమెరాలు కొన్నాను, మనుషులు నీటుగా పడిన రాత్రి ఫొటోలు చాలా తీశాను. ఎవరైనా నా ఎదుట కదలకుండా నిలబడితే మాత్రం, ఎందుకలా నిలబడగలుగుతున్నారో అని ఒకసారి మొహంలోకి చూడకుండా మీట నొక్కలేకపోయాను. నూకాలమ్మకు ధైర్యం ఎక్కువని పేటంతా అనుకునేది, భర్త కూడా అలాగే అనుకున్నాడు. నేనూ అంతే అనుకుని ఉండేవాణ్ణి. ఇప్పుడు కళింగపట్నానికి బస్సులు బోలెడు, పడవలకు ఇంజన్లు వచ్చాయి, జేబులో ఫోను రెప్పపాటులో చీకటిని ఫొటో తీసేస్తుంది. వెళ్ళేవాళ్ళు తప్పకుండా వెళ్ళండి, అమావాస్య రోజుల్లో అయితే ఇంకా బాగుంటుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చీకటి పడ్డాక సముద్రానికి ఎదురుగా నిలబడి టార్చి గాని, ఫోను లైటు గాని వెలిగించకండి. తప్పనిసరైతే ఊరివైపు తిరిగి వెలిగించుకోండి. అవతల ఎవరైనా ఇంటికి దారి చూసుకుంటూ ఉండొచ్చు.