మెత్తని చెయ్యి

బందరులో మేం పని నేర్చుకున్న ఆసుపత్రి సూదుల గదిలో ఒక కిరసనాయిలు స్టవ్వు, మరుగుతున్న గిన్నెలో నాలుగు సూదులు, ఆరుగురం శిక్షణ కాంపౌండర్లం, పెద్ద కాంపౌండరు గారు. బల్లమీద దివిసీమ నుంచి రేవు దాటి వచ్చిన చేపలమ్మే ఆమె. పిచ్చికుక్క కరిచింది. బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున పద్నాలుగు ఇంజక్షన్లు పడాలి. మధ్యలో మానేస్తే ప్రాణానికి హామీ లేదు.

ఆయన సూది దించకముందే "అయిపోయిందమ్మా" అనేవారు. ఆమె ఊపిరి వదలగానే గుచ్చేవారు. మొదటి రెండు రోజులూ, "తెలీనేలేదు బాబుగారూ" అని నవ్వుతూ లేచింది.

మూడో రోజు సిరంజి మాకిచ్చారు. "ఇంకా పన్నెండున్నాయి, మనిషికి రెండు. మీకూ చెయ్యి తిరగాలిగా" అన్నారు, ఆమె వింటుండగానే. మొదటివాడు రెండుసార్లు పొడిచాడు. ఆమె పెద్దాయన చెయ్యి పట్టుకుని, "మీరే వెయ్యండి బాబుగారూ, మీకు దణ్ణం పెడతా" అంది.

"నీదేవన్నా రాణీగారి పొట్టా ఏంటే?" అన్నారాయన. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఆరో రోజు నా వంతు. ఆయనలాగే "అయిపోయిందమ్మా" అన్నాను.

"అబద్ధం దేనికిలే బాబూ, కానియ్యి" అని ఆమె గోడవైపు తిరిగింది. నేను గుచ్చాను. ఆమె చీర సర్దుకుని బల్ల దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. వెళ్ళి పిలుచుకొస్తానన్నాను.

"కుక్క కరిచినవాళ్ళకి కరువా? రేపు ఇంకోళ్ళొస్తారు" అన్నారాయన, సూదులు ఉడకేస్తూ. అంత మెత్తని చెయ్యి ఆ మనిషికెలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

నేను వెళ్ళలేదు. రిజిస్టరులో ఆమె పేరు ఎదుట ఉన్నవి ఆరు టిక్కులు.