ఘాటు రాని మిరపకాయలు

మా చిన్నతనంలో ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, గాలి లేచిందంటే మధ్యాహ్నానికే ఇంట్లో దీపం కావలసి వచ్చేది... తమిళనాడులో కోవిల్‌పట్టి పక్కన మా ఊరు. చుట్టూ నల్లరేగడి చేలు. పడమటి గాలికి ఆ మట్టంతా లేచి వచ్చి కంచాల్లో, తలగడల మీద, మంచినీళ్ల బిందెలో కూర్చునేది.

"ఆడి గాలికి అమ్మిరాయే ఎగురుతాది" అనేది మా జేజి, అంటే మా నాయనమ్మ. మసాలా నూరే అమ్మిరాయి ఎగరడం నేను చూడలేదు గానీ, ఎగిరినా ఆశ్చర్యపోయేదాన్ని కాదు.

మా చెల్లెలు రాజికి ఆ నెల అంటే గండమే. ఐదేళ్ల పిల్ల. గాలి తిరిగిన రోజే తుమ్ములు మొదలయ్యేవి, కళ్లు ఎర్రబడేవి, వారం తిరిగేసరికి ఛాతీలో పిల్లికూతలు. ఇంట్లో ఏ మూలన ఉన్నా ఆ కూత వినిపించేది... సన్నగా, తలుపు వెనక ఎవరో ఊదుతున్నట్టు. అది మా రాజి గొంతులా ఉండేది కాదు. నాకు భయమేసేది.

అలర్జీ అన్న మాట మా ఇంటికి ఇంకా రాలేదు. జేజికి తెలిసిన జబ్బు ఒక్కటే, దిష్టి.

ఒక ఆదివారం, దీపాలు పెట్టే వేళ. దుమ్ము తగలకుండా రాజిని లోపలి గదిలో పడుకోబెట్టి, కిటికీ మూసి, సందుల్లో గోనెసంచులు కుక్కారు. జేజి ఎండుమిరపకాయలు, రాళ్ల ఉప్పు గుప్పిట పట్టి దాని చుట్టూ మూడుసార్లు తిప్పింది. బయటికి వచ్చి గది తలుపు మూసేసి, ఆ పక్కనే ఉన్న వంటింట్లో కట్టెల పొయ్యిలో వేసింది.

మీకు తెలిసే ఉంటుంది... మిరపకాయలు కాలి, ఘాటుకు అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. ఎవరికీ దగ్గు రాకపోతే దిష్టి గట్టిగా పట్టినట్టు.

అమ్మ, పక్కింటి అత్త, నేను పొయ్యి దగ్గర నిలబడ్డాం, దగ్గడానికి సిద్ధంగా. మిరపకాయలు చిటపటమన్నాయి, నల్లబడ్డాయి. ఒక్కరికీ దగ్గు రాలేదు. మావి గుండు మిరపకాయలు! గంపలో తిరగేస్తేనే వీధి వీధంతా తుమ్మేది. అలాంటివి కళ్లెదుట కాలుతుంటే ముక్కు కూడా మండలేదు. నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"ఒగరన్నా దగ్గలేదే..." అంది అత్త గొంతు తగ్గించి. "ఎవురి కన్నో గట్టిగానే పడుండాది."

"పాపా, ఇంగొక పిడికెడు తేమ్మే," అంది జేజి నాతో.

పరిగెత్తి తెచ్చాను. నన్నే వెయ్యమంది. వేశాను. అవీ ఘాటు లేకుండానే కాలిపోయాయి. మళ్లీ తెచ్చాను, మళ్లీ వేశాను...

మూడోసారికి లోపలి గదిలో పిల్లికూత ఆగిపోయింది.

జేజి పైకి చూసి దండం పెట్టింది. "సూస్తిరా? ఇడిసిపాయె!" అమ్మ కళ్లు తుడుచుకుంది. పెంకుల మీద గాలి తప్ప ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు. ఆ మంచి మాట రాజికి నేనే ముందు చెప్పాలన్న ఉబలాటంతో వెళ్లి తలుపు తోశాను.

ఘాటు అక్కడుంది.

గది నిండా. కళ్లు తెరవలేకపోయాను, గొంతు పట్టేసింది. మా ఇంట్లో గోడలు పైకప్పు దాకా ఉండవు. గోడకూ పెంకులకూ మధ్య జానెడు సందు. వంటింటి కిటికీకి కమ్ములే గానీ తలుపు లేదు. అందులోంచి దూరిన పడమటి గాలి, పొయ్యి మీది పొగనంతా ఆ సందులోంచి లోపలి గదిలోకి తోసేసింది.

రాజి మంచం మీద కూర్చుని ఉంది, నోరు తెరిచి. పెదాలు నేరేడుపండు రంగు. భుజాలు పైకీ కిందికీ ఎగురుతున్నాయి గానీ చప్పుడు లేదు. కూత ఆగింది దిష్టి పోయి కాదు, కూయడానికి కూడా ఊపిరి లేక.

నేను అరిచానో లేదో గుర్తులేదు. వాకిట్లోంచి నాయన వచ్చి దాన్ని ఎత్తుకుని రోడ్డుకు పరిగెత్తి, కోవిల్‌పట్టి పోయే బస్సుకు అడ్డం నిలబడ్డాడు. డాక్టరు సూది వేశాక, చాలాసేపటికి, మళ్లీ పిల్లికూత వినబడిందట. "ఆ కూత ఇన్నాకనే నాకు పానం వచ్చె" అని నాయన ఎన్నిసార్లు చెప్పాడో.

జేజిని ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడే ఆ తర్వాత బతికినన్నాళ్లూ మిరపకాయలతో దిష్టి తీయలేదు. ఆవిణ్ణి నేనేం తప్పు పట్టను? జేజి వేసింది ఒక్క పిడికెడు. నేను రెండు వేశాను.

రాజి ఇప్పుడు విరుదునగర్‌లో ఉంటోంది. చేతిసంచిలో ఇన్‌హేలర్, ఫోన్‌లో గాలి ఎలా ఉందో చెప్పే యాప్. ఆకుపచ్చ చూపిస్తే కిటికీలు తెరుస్తుంది, ఎరుపు చూపిస్తే మూస్తుంది. మా కాలంలో కంటికి కనబడని గాలికి ఇప్పుడు రంగులొచ్చాయి. మంచిదే...

పోయిన ఆడిలో వాళ్లింటికి వెళ్లాను. దాని కొడుక్కి ఒంట్లో నలతగా ఉందని వాళ్ల అత్తగారు మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. అందరం చుట్టూ నిలబడ్డాం. ఎవరికీ దగ్గు రాలేదు.

"అయ్యో, ఎంత దిష్టి సూడమ్మా!" అని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. రాజి ఫోన్‌లో ఆకుపచ్చే ఉంది.

రాజి నా వైపు చూసింది. ఇద్దరం కదిలాం. ఒక్కో గది తలుపూ తీసి చూసుకుంటూ వెళ్లాం...

మీ ఇళ్లల్లోనూ ఇలాగే దిష్టి తీసేవారా? ఘాటు రాకపోతే మీ పెద్దవాళ్లు ఏమనేవారు? రాయండి, ప్రతి ఒక్కటీ చదువుతాను. ఒక్కటే మాట... ఎవరూ దగ్గకపోతే దిష్టి సంగతి తర్వాత చూసుకోండి. ఆ ఘాటు ఎక్కడికో ఒక చోటికి వెళ్లే ఉంటుంది. ముందు లోపలి గదిలో ఎవరు పడుకున్నారో చూడండి.