పంగ గుంజల కొట్టం

పోయిన నెల ఒక పొద్దున గోదావరిఖని నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెద్దబాపు పోయిండు బిడ్డా. చాయ్ తాగి కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. జల్ది రా. వచ్చేటప్పుడు పెద్దపల్లిల మీ అత్తను ఎక్కించుకో, ఆమెకు ఒక్కతికి రాను రాదు" అంది. ఏడుపు కంటే ముందు పని చెప్పడం ఆ ఇంటి పద్ధతి. కరీంనగర్ నుంచి బయల్దేరి, పెద్దపల్లిలో మేనత్తను కారెక్కించుకుని ఖని దారి పట్టాను. ఆమె పెద్దబాపు కంటే పెద్దది. చూపు పోయి చాలా ఏళ్లయింది. ఆయన గురించి రాయాలని నాకు అనిపించింది ఆ దారిలోనే. రాయగలనా అన్న అనుమానం కూడా అక్కడే మొదలైంది, ఇప్పటికీ పోలేదు.

పెద్దబాపు, అంటే మా నాన్నకు పెదనాన్న కొడుకు, బొగ్గుబాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైబండ కూలకుండా కర్ర గుంజలు నిలబెట్టే పని. గుంజ నెత్తిని సమంగా కోసి, దాని మీద చెక్కపలక పెట్టి, ఇంకో చెక్కముక్క దిగ్గొట్టి బండకు బిగించాలి. ఉద్యోగం చేసినన్నాళ్లూ అదే చేశాడు. ఆ పని ఆయన మెడలోకి పోయింది. ఎవరింటికి వెళ్లినా ముందు పైకి చూసేవాడు. పెళ్లి పందిట్లో, రైల్వే స్టేషన్లో, చివరికి సినిమా హాల్లో కూడా. "పైన చూసినంకనే కింద కూసోవాలె" అనేవాడు. నాకు సంబంధం చూసినప్పుడు పిల్లగాడి ఇంటికి ఆయన్నే పంపారు. "పిలగాన్ని చూసి రమ్మని తోలిస్తే వాసాలు చూసొచ్చిండు" అని పెద్దమ్మ మొన్నమొన్నటి దాకా దెప్పేది. "వాసాలు మంచిగున్నయి, పిలగాడు సుత మంచిగనే ఉంటడు తియ్యి" అన్నాడట. వాసాల సంగతిలో ఆయన అంచనా తప్పలేదు.

ఆయన రిటైరయ్యాక కొన్నేళ్లకు మా ఊరు ఓపెన్‌కాస్టు గని కిందికి పోయింది. అందరూ ఇళ్ల గురించి, చేన్ల గురించి చెప్పుకుని బాధపడేవారు. పెద్దబాపు, మేనత్త మాత్రం కలిసినప్పుడల్లా పశువుల కొట్టం గురించి మాట్లాడుకునేవారు. వాళ్ల తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి పెంచింది మేనత్తే. ఒక చంకన పిల్లవాడు, ఇంకో చంకన పెండ గంప. ఎడ్లకు కుడితి పెడుతూనే వాడికి గటక తినిపించేదట. వాళ్లిద్దరికీ అమ్మ ఒడి అంటే ఆ కొట్టమే అనుకుంటాను. ఈ మాట వాళ్లు ఎన్నడూ అనలేదు, నేనే అంటున్నాను.

చూపు పోయిన తర్వాత ఒకసారి ఖనికి వచ్చినప్పుడు మేనత్త అరుగు మీద కూర్చుని ఉన్నట్టుండి అంది. "తమ్మీ, ఇల్లు యాదికున్నది. చేను యాదికున్నది. కొట్టం మాత్రం జారిపోతున్నదిరా. గాడి ఏ దిక్కుండెనో, దూడను ఏడ కట్టేసెటోళ్లమో, ఎంత తన్నుకున్నా వస్తలేదు. కండ్లు పోతే పోనీ. గది సుత పోతే నాకేం మిగుల్తది?"

"పోదక్కా. పోనియ్య" అన్నాడు పెద్దబాపు.

మర్నాటి నుంచి అరుగు మీద ఉలి, సుత్తె, ఒక టేకు మొద్దు. మూరెడు పొడవు, జానెడు ఎత్తు. బొమ్మలు చెక్కిన అలవాటు ఆయనకు లేదు. అయినా కొట్టాన్ని కొట్టంలాగే, వేళ్లతో తడిమితే తెలిసేలా చెక్కాలని కూర్చున్నాడు. ఎడ్లు మేత మేసే గాడి, కుడితి గోలెం, మూలకు ఆనించిన నాగలి, గంప కింద పొదిగే కోడి, కట్టుకొయ్యకు పలుపు చుట్టిన తీరు, అన్నీ. కాడికి ఏ పక్క కట్టే ఎద్దును కొట్టంలోనూ ఆ పక్కనే కట్టాలి కదా, ఆ వరస తప్పకూడదని తాపత్రయం. యాదికి రానిది ఊహించి చెక్కేవాడు కాదు. బస్సెక్కి ఇంకా కొట్టాలు మిగిలిన ఊళ్లకు పోయి నిలబడి చూసి వచ్చేవాడు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. పరాయి ఊళ్లో పరాయి కొట్టం ముందు వంగి ఎద్దు గిట్టల వంక చూస్తుంటే ఇంటాయన బయటికొచ్చాడు.

"కొంటవా ఏంది కాకా?"

"కొన. ఊకనే చూస్తున్న."

"కొనెటోడు ఎద్దు పండ్లు చూస్తడు. ఊకనే చూసెటోడు గిట్టల కింద మన్ను చూస్తడా?"

"మన్నే కావాలె నాకు. గాడి ముంగట నేల ఎంత గుంట పడ్డదో చూడాలె."

ఆ మనిషి నా వంక చూశాడు, ఈయనకు బాగుందా అన్నట్టు. నేను నవ్వాను. చివరికి ముగ్గురం వాళ్ల అరుగు మీద చాయ్ తాగాం. కూర్చునే ముందు పెద్దబాపు పైకి చూశాడు.

మొదటి కొట్టం పూర్తయిన రోజు మేనత్తను పిలిపించారు. మేమందరం సంబరంగా ఉన్నాం. పెద్దమ్మ ఒక్కతే "ఎద్దు తోక మరీ సన్నగున్నది, ఎలుక తోక తీర్గ" అని ముందే వంక పెట్టి ఉంది. మేనత్త వేళ్లు గాడిని పట్టుకున్నాయి, గోలెంలోకి దిగాయి, కోడిని తాకి నవ్వాయి. తర్వాత గుంజ పట్టుకుని పైకి పోయాయి. పైన ఆగిపోయాయి. పక్క గుంజ. మళ్లీ ఆగాయి.

"ఇదేందిరా తమ్మీ, నెత్తి మీద పలక పెట్టినవు?"

పెద్దబాపు వంగి చూశాడు. నేనూ చూశాను. గుంజలన్నీ నెత్తిన సమంగా కోసి ఉన్నాయి. ఒక్కోదాని మీద చిన్న పలక, పలక మీద బిగించిన ముక్క. మా కొట్టం గుంజలు పంగ గుంజలు. చెట్టుకొమ్మ రెండుగా చీలిన చోట కోసుకొచ్చి పాతితే, ఆ పంగలో దూలం కూర్చునేది. అన్ని ఊళ్లు తిరిగి గిట్ట కింద మట్టి కూడా చూసిన మనిషి గుంజల దగ్గరికి వచ్చేసరికి చూడవలసిన పని ఉందనుకోలేదు. గుంజ పెట్టడం తన చేతికి తెలుసు కదా. చెయ్యి తనకు తెలిసినట్టే పెట్టేసింది.

"ఇది మన కొట్టం కాదురా" అంది మేనత్త మెల్లగా. "ఇది నీ బాయి."

పెద్దబాపు తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు. "నిజమే అక్కా" అన్నాడు.

ఆమె వెళ్లిపోయాక నేను ఊరుకోలేదు. అట్లాగే ఉంచమన్నాను. కొట్టంలో పుట్టి బాయిలో బతికిన మనిషి చెక్కితే కొట్టానికి బాయి గుంజలు రావడంలో తప్పేముంది, ఇదే అసలు నిజం, నీ బతుకంతా ఇందులో ఉంది అని వాదించాను. ఆయన ఓపికగా విన్నాడు.

"అక్క నా బతుకు అడగలే బిడ్డా. కొట్టం అడిగింది."

"మరి దీన్నేం చేస్తవు?"

"నువ్వు తీస్కపో. గని కొట్టమని మాత్రం ఎవ్వరికీ చెప్పకు."

అది నా బల్ల మీద ఉంది. దాన్ని ఏమని పిలవాలో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నా మాట తప్పని ఒప్పుకోవాలని ఉండదు, ఒప్పని నిలబడాలనీ ఉండదు.

రెండోసారి మొదలుపెట్టే నాటికి ఆయనకు దమ్ము ఎక్కువైంది. నాలుగు అడుగులేస్తే ఆగి నిలబడాలి. దవాఖానలో చెక్కపొడికి దూరంగా ఉండమన్నారు. టేకు మీద ఉలి నడిపే బలం చేతుల్లో లేదు. "ఇగ ఇడిసిపెట్టరాదా, ఎవలు మెచ్చుకుంటరని?" అని పెద్దమ్మ కసిరింది. కసిరిన మనిషే మర్నాడు పాత చీర చింపి, తడిపి, ఆయన ముక్కుకు కట్టింది. టేకు పక్కన పెట్టి, నిర్మల్ బొమ్మలకు వాడే మెత్తటి పొనికి కర్ర తెప్పించుకున్నాడు. గోడలు, గాడి, ఎడ్లు పొనికితో. గుంజలు మాత్రం చెక్కనన్నాడు. "పంగ చెక్కితే రాదు, పుట్టాలె" అని వేపపుల్లల్లో పంగలు వెతికాడు. కాలనీలో వేపచెట్టు కొట్టారని తెలిస్తే చాలు, ఆగుతూ ఆగుతూ అక్కడికి నడిచేవాడు. ఏరి తెచ్చిన పుల్లలు ఆరబెట్టి, చిన్న దూలం వేసి చూసి, నచ్చకపోతే పొయ్యిలోకి. ఆ ఏడు పెద్దమ్మ పొయ్యి చాలామటుకు పంగలతోనే మండింది.

దమ్ము వచ్చినప్పుడు ఉలి దించేవాడు కాదు. పట్టుకునే ఆగేవాడు. శ్వాస అందగానే ఆగిన చోటి నుంచే మొదలు. నేను ఫోన్ చేసి "ఎట్లున్నవు పెద్దబాపూ?" అంటే, ఒంటి సంగతి చెప్పేవాడు కాదు. "చూరు దాకొచ్చిన" అనేవాడు.

ఈ వానాకాలం మొదట్లో, కొత్త రాష్ట్రం వచ్చిన సంబురం ఇంకా వీధుల్లో ఉండగానే, మేనత్త మళ్లీ వచ్చింది. నేనూ వెళ్లాను. అరుగు మీద చాప పరిచి, ఆమె ముందు కొట్టాన్ని పెట్టారు. పెద్దమ్మ పొయ్యి ఆర్పి గడపలో నిలబడింది. పెద్దబాపు కూర్చోలేదు, గోడకు ఆనుకున్నాడు.

మేనత్త ఈసారి నేరుగా గుంజను పట్టుకుంది. వేళ్లు పైకి పాకాయి. పంగ దగ్గర నిలిచాయి. దూలం పంగలో కూర్చున్న చోటును బొటనవేలితో నిమిరింది. పక్క గుంజ మీద కిందికి వస్తుంటే ఒకచోట వేలు జారింది. ఎద్దు మెడ రాసుకుని రాసుకుని నున్నబడ్డ చోటు అది. దాన్ని ఆయన ఉప్పు కాయితంతో ఎన్ని రోజులు రుద్దాడో పెద్దమ్మకు తెలుసు. "ఇది పెద్దెద్దు రాసుకునేది" అంది మేనత్త. ఎవరికో చెబుతున్నట్టు కాదు, అక్కడ దాన్ని చూస్తున్నట్టు.

చెయ్యి కొట్టం ముందువైపుకి వచ్చింది. అక్కడ గడ్డికప్పు చూరు బాగా కిందికి ఉంటుంది, పెద్దవాళ్లెవరైనా వంగే లోపలికి పోవాలి. ఆమె వేళ్లు ఆ చూరు కిందికి దూరాయి. చాప మీద కూర్చున్న మనిషి తల దానంతటదే వంగింది. ఎడమ భుజం కాస్త ముందుకు, నడుముకు గంప ఉన్నట్టు పక్కకు ఒరిగి.

గోడ దగ్గర పెద్దబాపు ఊపిరి వినిపించలేదు నాకు.

"లోపటికి పోయినవా అక్కా?" అన్నాడు కొంచెం ఆగి.

"పోయిన. నువ్వు బయట నిలబడ్డవేంది? నువ్వు సుత రా."

ఆయన గోడ పట్టుకుని మెల్లగా ఆమె పక్కన చాప మీదికి దిగాడు. బొగ్గు గీసుకున్న గాట్లు నీలంగా మిగిలిన ఆ మోటు చేతిని చూరు కిందికి పోనివ్వబోయాడు. పట్టలేదు. వేలు వేలుగా ప్రయత్నించాడు, చివరికి చిటికెనవేలు పట్టింది. దాన్ని అక్క వేళ్ల పక్కన పెట్టి, తల వంచి కూర్చున్నాడు. చాలాసేపు వాళ్లిద్దరూ ఆ చూరు కిందే ఉన్నారు.