గంట మాత్రమే మిగిలిన యాప్

మహబూబ్‌నగర్‌లో నేను పనిచేసిన కంపెనీలో ఉన్నది ఇద్దరమే: యజమాని, నేను. ఆయన హైదరాబాదులో శిక్షణకు పోయి రెండు పద్ధతులు నేర్చుకొచ్చాడు. ఎజైల్ ప్రకారం యాప్‌ను కొంచెం కొంచెంగా చేస్తూ, ప్రతిసారీ వాడేవాళ్లకు చూపించాలి. లీన్ ప్రకారం అక్కరలేనిదంతా తీసేయాలి. ఆయన రెండింటినీ కలిపాడు. పొద్దుటి మీటింగు నిలబడే జరపాలన్నది ఎజైల్. నిలబడేవాళ్లకు కుర్చీలెందుకన్నది లీన్. మధ్యాహ్నానికల్లా కుర్చీలు అమ్మేశాడు. నేను ల్యాప్‌టాప్‌ను కిటికీ గూట్లో పెట్టుకుని పనిచేశాను.

అప్పుడు గొర్రెలు అమ్ముకునే యాప్ చేస్తున్నాం. తొలి రూపం తీసుకుని మక్తల్ దగ్గర ఒక ఊళ్లో పెద్ద కాపరికి చూపించాం.

"నా గొర్ల ఫొటోలు నాకెందుకు బిడ్డా? గవి నా ముంగటనే ఉన్నయ్ గద," అన్నాడు.

ఫొటోలు తీసేసి మళ్లీ వెళ్లాం.

"రేటు ముందుగాలనే చెప్తే ఇగ బేరమేముంటది?"

ధరలు తీసేశాం. బరువు చెయ్యేసి చూస్తే తెలుస్తుందన్నాడు, అదీ పోయింది. చివరికి, కొనేవాడు వచ్చాడని తెలిపే గంట ఒక్కటే మిగిలింది.

"సార్, ఇగ గంట తప్ప ఏం లేదు," అన్నాను.

"మోగుతాందా?"

"మోగుతాంది."

"సాలు. సూపిద్దాం పా."

కాపరి తెర మీద వేలు పెట్టాడు. గంట మోగింది. మేస్తున్న మంద మొత్తం తలెత్తి, మా మీదికి పరుగెత్తుకొచ్చింది. ముందు నడిచే గొర్రె మెడలో గంట కూడా అచ్చం అలాగే మోగుతుందట. నాకు కాలు కదపడానికి జాగా లేదు. మా యజమాని, గొర్రెల మధ్య ఇరుక్కుని కూడా, "మస్తు నచ్చింది!" అని అరిచాడు.

కొన్నాళ్లకే ఊళ్లో కాపరులంతా గొర్రెల్ని పిలవడానికి ఆ యాప్ వేసుకున్నారు. ఒకరు నొక్కితే అందరి మందలూ కలిసిపోయేవి. ఒకరోజు పొద్దున్నే వాళ్లంతా తిట్టుకుంటూ బస్సెక్కి మా ఆఫీసుకొచ్చి, గోడకానుకుని నిలబడ్డారు.

"సూసినవా, పొద్దుటి మీటింగుకు వాడెటోళ్లే వచ్చిండ్రు," అని యజమాని మురిసిపోయాడు.

గంట బదులు ఎవరి మందకు వాళ్ల గొంతే పెడదామన్నాను. ఒకరి తర్వాత ఒకరు గొర్రెల్ని పిలుస్తుంటే, కింది దుకాణం వాళ్లు పైకొచ్చి చూసి పోయారు. పెద్ద కాపరికి పిలుపు మధ్యలో దగ్గొచ్చింది. మళ్లీ రికార్డు చేద్దామంటే ఒప్పుకోలేదు.

"ఉండనీ బిడ్డా. నా దగ్గు గవిటికి గుర్తే."

తర్వాత ఆ ఊరికి పోయినప్పుడు, కలిసి మేస్తున్న మందల్లోంచి ఆయన గొర్రెలు పిలుపుకు తలెత్తి, దగ్గు వినబడ్డాకే కదిలాయి. నాకు గర్వంగానే అనిపించింది. నేను చేసిన యాపుల్లో జనం రోజూ వాడింది అదొక్కటే. దాని ద్వారా గొర్రె మాత్రం ఒక్కటీ అమ్ముడుపోలేదు.